ఉప్పు లెక్క

స్టీల్‌ప్లాంట్ లాబ్‌లో ఇరవై రెండేళ్లుగా
కరిగిన ఇనుములో గంధకం ఎంతుందో చెప్పి
జీతం తెచ్చుకుంటున్నదాన్ని.
కారు కొనడానిక్కూడా గళ్ల పుస్తకమే పట్టుకెళ్లాను.

మధురవాడ దాటాక, హైవే వారన,
షరీఫ్ గారి రేకుల షెడ్డులో
ఒకే వరండాలో తగువు పడ్డ అద్దెవాళ్లలా
చెరో వైపు మొహం తిప్పుకుని ఉన్నాయి రెండూ.

తెల్లది పోలో. పన్నెండువందల సీసీ.
నూట అయిదు గుర్రాలు.
గేర్లు ఏడు, వాటంతటవే మారిపోతాయి
మనని అడక్కుండా.
ఎర్రది పుంటో. ఒంటి మీద తేలు బొమ్మ.
పద్నాలుగువందల సీసీ, నూట నలభై అయిదు.
అయిదే గేర్లు. ఒక్కోటీ నువ్వే వేసుకోవాలి.

తేడా నలభై గుర్రాలు, అని రాసి
కింద గీత గీశాను.
లాబ్‌లో అయితే గీత గీశాక ఇంటికెళ్లిపోవచ్చు.

పోలోని భీమిలి రోడ్డు మీద తోలాను.
కుడిపక్క సముద్రం, వెన్నలాంటి మలుపులు.
నేను లేకపోయినా నడిచేలా ఉంది
అని రాశాను. మెచ్చుకున్నానో తిట్టానో తెలీలేదు.

పుంటోని కైలాసగిరి ఘాట్ ఎక్కించాను.
రెండువేల తిరుగుళ్ల దాకా అది నిద్ర లేవదు.
నాలాగే, మొదటి కాఫీ పడేదాకా.
ఆ తర్వాత నడుం మీద చెయ్యేసి ఎవరో తోసినట్టు
ఒక్క ఊపు!
మూడో మలుపులో గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నీ.
ఆ నవ్వుకి పుస్తకంలో గడి లేదు.

వంద దాకా వెళ్లడానికి
దానికి పది సెకన్లకి కాస్త తక్కువ, దీనికి తొమ్మిదికి తక్కువ.
మిగిలిన ఆ ఒక్క సెకనునీ
మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర
నాలుగువందల నంబరు బస్సు వెనక నిలబడి
ఎక్కడ ఖర్చుపెట్టను?
అదే బస్సులో కిటికీ సీటు కోసం
ఇన్నేళ్లూ మోచేతులు వాడినదాన్ని.

ఆటోనగర్ నుంచి గొర్లె సన్యాసయ్య వచ్చాడు.
తువ్వాలు నేలన పరిచి కిందకి దూరాడు.
పోలో మీటర్లో నలభై ఒక్కవేలు.
బ్రేకు పెడల్ మీద గీతలరిగి
గచ్చులా నున్నగా ఉంది.
"మీటరు ఏటన్నా సెప్తాదమ్మా,
రబ్బరుకి అబద్దం రాదు."

అప్పుడు స్క్రూడ్రైవర్ తీసి తలుపు కింద పొడిచాడు.
టీలో ముంచిన బిస్కట్టులోకి దిగినట్టు దిగింది.
లాసన్స్ బేలో, బాల్కనీ కింద, కవరన్నది లేకుండా
ఏడేళ్లు గాలి తాగిన బండి.
పైన తెలుపు. లోపల మన ఊరి ఉప్పు.
ఇనుము తిని బతికేదాన్ని, నాకే కనిపించలేదు.

పుంటోని పొడిస్తే ఠంగుమంది.
పెందుర్తిలో షెడ్డులో పెరిగింది, ఎర్రదుమ్ము తప్ప రోగం లేదు.
"ఇనుమైతే గట్టిదే. కంపెనీయే
దేశం ఒగ్గేసి ఎల్లిపోనాది.
సామాను పోతే కోయంబత్తూరు నించి రావాల.
వారం. కలిసిరాపోతే నెల.
ఆలోసించుకో."

ఆలోచించుకోవడానికి సీట్లో కూచున్నాను.
సీటు ముందుకంటా జరిపి ఉంది.
నా అయిదడుగులకీ అచ్చం కొలిచినట్టు సరిపోయింది.
ఆర్‌సీ తిప్పి చూశాను:
పైల రత్నాంబ.
"టీచరమ్మ," అన్నాడు షరీఫ్. "ఎడమ మోకాలు పోయింది.
క్లచ్ తొక్కలేక ఇచ్చేసింది.
తాళం ఇస్తూ టైర్లలో గాలి మరోసారి చూసుకుంది."

క్లచ్ తొక్కాను. బరువుగానే ఉంది.
నా మోకాలు కూడా తన నంబరేదో సన్నగా చెప్పింది.

ఇరవైవేలు అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చాను.
తర్వాత పుస్తకం తెరిచి, సామాను ఖర్చు కింద,
కొత్తగా ఒక గడి గీశాను.
మోకాలు: ఎన్నేళ్లు?

లాబ్‌లో పెన్సిల్ వాడకూడదు.
పెన్సిల్‌తో రాశాను.